క్రొత్త డీసెల్ జీపుకారు : రైతు దేనిని చూచి కొనవలెను?

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో నేడు ఏ పల్లెకు పోయినను రచ్చకట్ట వద్ద ఒకటో రెండో డీసెల్ జీపుకార్లు నిలచియుండుట చూచుచున్నాము. ఒకప్పుడు జీపు అనగా సర్కారు అధికారి బండి. ఇప్పుడది రైతు ఇంటి బండి. ఆదోని ప్రత్తి మార్కెట్టుకు పోవుటకు, అర్ధరాత్రి వేళ ఆస్పత్రికి పోవుటకు, పెండ్లికిని తిరునాళ్ళకును ఇంటిల్లిపాది కలసి పోవుటకు అదియే ఆధారము. మన రాళ్ళ రస్తాలకును, వంక దారులకును తగినదని దానిని ఎన్నుకొనుచున్నాము.

కంపెనీలు కొన్నియేండ్ల కొకమారు పాత బండికే కొన్ని మార్పులు చేసి "క్రొత్త మోడలు" అని విడుదల చేయుచుండును. ఆ మార్పులు మూడు రకములు. కొన్ని బండి పనితనమును నిజముగా పెంచునవి. కొన్ని కంటికి ఇంపు కొరకు మాత్రమే చేర్చినవి. మూడవ రకము మార్పులు ఇంజను లోపల జరిగినవి. ఇవి రైతు తన పాత అలవాట్లను మార్చుకొననిదే బండిని నిలువనీయవు. అమ్మకపు దుకాణములో మొదటి రెండు రకములను గూర్చి చాల చెప్పుదురు. మూడవదానిని గూర్చి చెప్పుట అరుదు. కాని రైతుకు నష్టము కలుగునది అచ్చటనే.

కావున క్రొత్త మోడలును ఎట్లు బేరీజు వేయవలెనో మన ప్రాంతములో అందరెరిగిన మహీంద్ర బొలెరోను ఉదాహరణగా తీసికొని ఇందు వివరింపబడినది. ఇచ్చట చెప్పిన సంగతులలో పెక్కు ఇతర కంపెనీల డీసెల్ బండ్లకును వర్తించును.

ఇరువదియైదేండ్లలో వచ్చిన మార్పులు

బొలెరో 2000 సంవత్సరమున విడుదలయైనది. అప్పుడు దానిలో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ పద్ధతిలో తయారైన రెండున్నర లీటర్ల ఇంజను ఉండెడిది. 2011లో కామన్ రెయిల్ పద్ధతి గల 2523 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చినది. దాని బలము 63 అశ్వశక్తి. 2016లో "పవర్ ప్లస్" అను పేర 1493 ఘ.సెం.మీ. ఇంజనుతో, 70 అశ్వశక్తితో, నాలుగు మీటర్ల లోపు పొడవు గల బండి వచ్చినది. 2020 మార్చిలో బి.ఎస్.6 నిబంధనల కనుగుణముగ ఎం-హాక్ 75 అను ఇంజను వచ్చినది. ఇదియు 1493 ఘ.సెం.మీ. ఇంజనే, బలము 75 అశ్వశక్తి, త్రిప్పుడు శక్తి 210 న్యూటన్ మీటర్లు.

2025 అక్టోబరులో మరల క్రొత్త రూపు విడుదలయైనది. ముందు జాలీ మారినది, మంచు దీపములు వచ్చినవి, తాకుడు తెర వచ్చినది, సీట్ల పైకప్పు మారినది, బి8 అను క్రొత్త రకము చేరినది. కుదుపు తగ్గునట్లు స్ప్రింగుల, షాక్ అబ్సార్బర్ల అమరికను సవరించితిమని కంపెనీ ప్రకటించినది. ఇంజను మాత్రము 2020 నాటి ఎం-హాక్ 75 ఇంజనే.

దీనినిబట్టి ఒక సంగతి గ్రహింపవలెను. 2016లోను, 2020లోను వచ్చినవి యంత్రపు మార్పులు. 2025లో వచ్చినవి ముఖ్యముగా రూపపు మార్పులు, సౌకర్యపు మార్పులు. కావున 2021 నాటి బండి మంచి స్థితిలో నున్న రైతు, క్రొత్తదానిలో ఇంజను బలము పెరిగినదని భ్రమపడి మార్చుకొనవలసిన పని లేదు. 2010 నాటి బండిని నడుపుచున్న రైతుకు మాత్రము క్రొత్త బండి అన్ని విధముల వేరు బండియే అగును.

అశ్వశక్తి, త్రిప్పుడు శక్తి – భేదమేమి?

ప్రకటనలో ఈ రెండు అంకెలును ఉండును. రెంటికి గల భేదము సేద్యము చేయువానికి సులభముగా తెలియును. తడిసిన నల్లరేగడిలో గుంటక లాగు ఎద్దుల జత మెల్లగా నడచును గాని గట్టిగా లాగును. జట్కా గుఱ్ఱము వేగముగా పోవును గాని గుంటక లాగలేదు. బరువును కదల్చు గుణము త్రిప్పుడు శక్తి. ఆ పనిని ఎంత త్వరగా చేయగలదో తెలుపునది అశ్వశక్తి.

పల్లె దారులలో తిరుగు బండికి త్రిప్పుడు శక్తి ముఖ్యము. అదియును ఇంజను ఎంత తక్కువ వేగములో నున్నప్పుడు లభించునో చూడవలెను. ఎం-హాక్ 75 ఇంజనులో 210 న్యూటన్ మీటర్లు నిమిషమునకు 1600 నుండి 2200 చుట్ల మధ్య లభించును. అనగా ఇంజనును గట్టిగా అరపింపకయే వంక గట్టు ఎక్కవచ్చును. బొలెరో నియో అను మరియొక రకము 2021లో వచ్చినది. దానిలో అదే కొలత ఇంజను 100 అశ్వశక్తి, 260 న్యూటన్ మీటర్లు ఇచ్చును. కర్నూలు–కడప పెద్ద రస్తాలో ఎక్కువగా తిరుగువారికి ఈ అధిక బలము ఉపయోగపడును. ఊరికిని చేనికిని మధ్య తిరుగువారికి 75 అశ్వశక్తి చాలును.

పాత ఇంజను పెద్దది, క్రొత్తది చిన్నది. చిన్న ఇంజను బరువు లాగునా యని పలువురు అడుగుచుందురు. లాగును. 63 అశ్వశక్తి నిచ్చిన రెండున్నర లీటర్ల ఇంజను కంటె 75 అశ్వశక్తి నిచ్చు ఒకటిన్నర లీటర్ల ఇంజను బలమైనదే. ఈ బలము టర్బో, కామన్ రెయిల్ అను రెండు పరికరముల మెరుగుదల వలన వచ్చినది. అయితే ఆ రెండును మిక్కిలి సున్నితమైనవి.

కామన్ రెయిలు, టర్బో – వాని జాగ్రత్త

పాత జీపులలో డీసెల్ పంపు యంత్రము నూనెను కొన్ని వందల బార్ల ఒత్తిడితో సిలిండరు లోనికి చిమ్మెడిది. కామన్ రెయిల్ పద్ధతిలో ఒకే ఉక్కు గొట్టములో డీసెలును వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో నిలువ చేసి, కంప్యూటరు ఆజ్ఞ ప్రకారము ఇంజెక్టర్లు లెక్క తప్పక చిమ్మును. అందువలన నూనె సన్నని ఆవిరివలె విడిపోయి పూర్తిగా మండును. పొగ తగ్గును, నూనె ఆదా అగును.

ఇంజెక్టరు రంధ్రములు వెంట్రుక కంటె పెద్దవి కావు. డీసెలులో నీటిచుక్క గాని, తుప్పు గాని, దుమ్ము గాని ఉన్నచో అవి చెడిపోవును. ట్రాక్టరు కొరకు ఇంట పీపాలలో నిలువ చేసిన డీసెలును ఈ బండిలో పోయరాదు. పీపాలో అడుగున నీరు చేరియుండును. కిరసనాయిలు కలిపిన డీసెలు అంతకంటె చెరుపు. ఏలననగా కిరసనాయిలుకు జిడ్డు తక్కువ, పంపు అరగిపోవును. డీసెల్ ఫిల్టరు క్రింద చేరిన నీటిని పుస్తకములో చెప్పిన గడువు ప్రకారము తీసివేయింపవలెను. నీటి గుర్తు దీపము వెలిగినచో వెంటనే తీయింపవలెను.

టర్బో అనునది పొగగొట్టము నుండి వచ్చు వేడిగాలి చేత తిరుగు చిన్న చక్రము. ఇది నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగగలదు. దానిని కాపాడునది ఇంజను ఆయిలు ఒక్కటే. కావున ఉదయమున బండిని ప్రారంభింపగనే ఇంజనును అరపింపరాదు. దూర ప్రయాణము చేసి గాని, ఘాటు ఎక్కి గాని వచ్చిన వెంటనే తాళము త్రిప్పి ఆపరాదు. అర నిమిషము నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపవలెను.

మన ప్రాంతపు దుమ్ము వీనికి మరియొక శత్రువు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాతి గనుల తెల్లదుమ్ము, ఎర్రనేలల దుమ్ము, నూర్పిళ్ళ కాలపు పొట్టు — ఇవన్నియు గాలి ఫిల్టరులో చేరును. కంపెనీ వ్రాసిన గడువు మంచి రస్తాల కొరకు నిర్ణయింపబడినది. దుమ్ము దారులలో తిరుగు బండికి సగము గడువునకే ఫిల్టరు తీసి చూడవలెను. అరిగిన ఫిల్టరును నీటితో కడిగి మరల పెట్టరాదు, క్రొత్తది వేయవలెను.

రేడియేటరులో బోరు నీరు పోయుట మనకు పాత అలవాటు. మన బోర్ల నీటిలో సున్నము, ఉప్పులు హెచ్చు. అవి లోపల పొలుసు కట్టి మే నెల ఎండలో ఇంజను కాగిపోవునట్లు చేయును. కంపెనీ చెప్పిన కూలెంటునే వాడవలెను.

పొగ జల్లెడ – మిక్కిలి ముఖ్యమైన మార్పు

2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి దేశమంతటను బి.ఎస్.6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. బి.ఎస్.4 కాలములో డీసెల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి రేణువులు వదలుటకు అనుమతి ఉండెడిది. బి.ఎస్.6లో అది నాలుగున్నర మిల్లీగ్రాములకు తగ్గింపబడినది. డీసెలులోని గంధకము కూడ పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళ నుండి 10 పాళ్ళకు తగ్గింపబడినది.

ఇంత తక్కువ మసి వదలుటకు పొగగొట్టములో ఒక జల్లెడ అమర్చిరి. దీనిని డి.పి.ఎఫ్. అందురు. సన్నని రంధ్రములు గల ఈ పింగాణి దిమ్మె మసిని పట్టి ఉంచును. మసి నిండిన కొలది దానిని కాల్చివేయవలెను. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. బండి పెద్ద రస్తాలో నిలకడగా పరుగెత్తునప్పుడు కంప్యూటరు కొంచెము ఎక్కువ డీసెలు చిమ్మి ఆ వేడిని పుట్టించి మసిని కాల్చును.

ఇచ్చటనే మన రైతుకు చిక్కు వచ్చును. ఇంటి నుండి చేనికి రెండు కిలోమీటర్లు, చేని నుండి అంగడికి మూడు కిలోమీటర్లు — ఈ విధముగా చిన్న చిన్న ప్రయాణములే చేయుచున్నచో పొగగొట్టము వేడెక్కదు. మసి కాలదు. జల్లెడ నిండిపోవును. మొదట హెచ్చరిక దీపము వెలుగును. అప్పుడును పట్టించుకొననిచో ఇంజను బలము తగ్గిపోవును. బండి నత్త నడక నడచును. చివరకు జల్లెడనే మార్చవలసి వచ్చును. దాని ఖరీదు మిక్కిలి హెచ్చు. అలక్ష్యము వలన చెడినచో గ్యారంటీ క్రింద ఇచ్చుటకు కంపెనీ అంగీకరింపకపోవచ్చును.

ఇందుకు రైతు చేయవలసినవి నాలుగు పనులు :

ఒకటి, వారమున కొకమారైనను బండిని మంచి రస్తాపై ఇరువది, ముప్పది నిమిషములు గంటకు 60 కిలోమీటర్లకు తగ్గని నిలకడ వేగముతో నడుపవలెను. సంతకో, ఆస్పత్రికో పోవలసిన పనిని ఇందుకు ఉపయోగించుకొనవచ్చును.

రెండు, దీపము వెలిగినప్పుడు బండిని ఆపివేయక, పుస్తకములో చెప్పిన ప్రకారము నడుపుచు మసిని పూర్తిగా కాలనీయవలెను.

మూడు, ఆ సమయమున గాని, దూరము నడచి వచ్చిన వెంటనే గాని బండిని వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, ఎండు గడ్డి మీద నిలుపరాదు. క్రింది గొట్టపు వేడికి అవి అంటుకొనవచ్చును. కళ్ళములో ఇది మిక్కిలి ప్రమాదకరము.

నాలుగు, ట్రాక్టరుకు పోయు ఇంజను ఆయిలును ఈ బండికి పోయరాదు. ఆయిలు మండగా మిగులు బూడిద జల్లెడలో చేరును. మసివలె అది కాలిపోదు. తక్కువ బూడిద నిచ్చు ఆయిలును, పుస్తకములో వ్రాసిన గుర్తు గలదానినే, కొనవలెను. కొలపుల్లపై ఆయిలు మట్టము తగ్గుటయే కాదు, పెరుగుట కూడ గమనింపవలెను. మసి కాల్చు పని మాటిమాటికి నడుమ ఆగిపోయినచో డీసెలు ఆయిలులో కలసి మట్టము పెరుగును. అట్లయినచో ఆయిలును వెంటనే మార్చవలెను.

నెల పొడుగున ఊరు దాటని బండికి బి.ఎస్.6 డీసెల్ ఇంజను తగినది కాదని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. అట్టి రైతు పెట్రోలు బండిని గూర్చి యోచించుట మేలు.

యూరియా ద్రవము – ఒక హెచ్చరిక

కొన్ని డీసెల్ బండ్లలో డీసెల్ మూత ప్రక్కనే నీలిరంగు మూత మరియొకటి ఉండును. అది యూరియా ద్రవము పోయుటకు. దీనిని డెఫ్ అనియు, ఆడ్‌బ్లూ అనియు అందురు. పొగలోని నైట్రోజను విషవాయువులను ఇది నిరపాయమైన వాయువులుగా మార్చును. ఇందులో 32.5 పాళ్ళు శుద్ధమైన యూరియా, మిగిలినది లవణములు తీసిన నీరు.

"యూరియాయే గదా, ఇంట బస్తాలున్నవి, కలిపి పోసికొందము" అని ఎవరును తలపరాదు. మన ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉండును. 2015 నుండి దేశములో అమ్ము యూరియా అంతయు అట్టిదే. ఆ పూతయు, ఎరువులోని మలినములును, మన నీటిలోని ఉప్పులును కలసి సన్నని గొట్టములను మూసివేయును. వేల రూపాయల ఆదా చూచుకొని లక్ష రూపాయల నష్టము తెచ్చుకొన్నట్లగును. పైగా వ్యవసాయమునకు రాయితీపై ఇచ్చు ఎరువును ఇతర పనులకు వాడుట నేరము. పొరపాటున ఈ ద్రవమును డీసెల్ తొట్టిలో పోసినచో ఇంజను ప్రారంభింపక, తొట్టిని కడిగింపవలెను. కొనబోవు బండిలో ఈ రెండవ మూత ఉన్నదో లేదో ముందే అడిగి తెలిసికొనుడు.

క్రింది భాగమును వంగి చూడుడు

దుకాణములో తాకుడు తెరను చూచుటకు ముందు బండి క్రిందికి వంగి చూడవలెను. బొలెరోకు ఉక్కు దూలములతో చేసిన నిచ్చెన వంటి చట్రము గలదు. దేహమును దాని మీద బిగింతురు. రాళ్ళ దారిలో చక్రములకు కలుగు దెబ్బను చట్రము భరించును. దేహమే చట్రముగా నుండు కార్లు తేలికైనవి, మలుపులలో నిలకడ గలవి. కాని గతుకుల దారిలో ఏండ్ల తరబడి తిరుగుటకు నిచ్చెన చట్రమే ఓర్చుకొనును.

బొలెరో వెనుక ఇరుసుకు పట్టీ స్ప్రింగులున్నవి. ఇవి బరువును ఓర్చును, ఏ పల్లె కమ్మరి కొలిమి ప్రక్కనైనను బాగుచేయవచ్చును; కాని ఖాళీగా నున్నప్పుడు ఎగిరిపడును. నియోలో వెనుక చుట్టు స్ప్రింగులున్నవి. ప్రయాణము మెత్తగా నుండును. ముసలివారిని, రోగులను తరచుగా తీసికొనిపోవువారు ఈ భేదమును కూర్చుండి చూచి తెలిసికొనవలెను.

నేలకును బండి అడుగునకును గల ఎడము బొలెరోకు 180 మిల్లీమీటర్లు. మీ చేని దారిలో నడుమ లేచిన గట్టును కొలిచి చూచుకొనుడు. ఏడుగురు కూర్చున్నప్పుడు ఈ ఎడము తగ్గునని మరువరాదు.

బొలెరో టైరుపై 215/75 ఆర్ 15 అని ఉండును. 215 వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అనగా టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 పాళ్ళు. 15 చక్రపు అంగుళములు. గోడ ఎత్తుగా నున్న టైరు రాయి దెబ్బకు ఓర్చును. అందమునకై పెద్ద చక్రములు, సన్నని టైర్లు వేయించుకొన్నచో నాపరాతి అంచుకు అవి చీలిపోవును.

బొలెరో వెనుక చక్రములతో నడచు బండి. తడిసిన రేగడిలో ఒక చక్రము జారగనే బలమంతయు ఆ చక్రమునకే పోయి బండి కూరుకొనిపోవును. నియోలోని కొన్ని రకములలో దీనికి విరుగుడుగా డిఫరెన్షియల్ లాకు గలదు. ఒక చక్రము ఊరక తిరుగుచున్నచో రెండు చక్రములను కట్టిపడవేసి నేల పట్టు గల చక్రమునకు బలమునిచ్చును. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వంటి రేగడి నేలల రైతులకు ఇది తాకుడు తెర కంటె ఎన్నో రెట్లు మేలైన చేర్పు. నాలుగు చక్రములతో నడచు స్కార్పియో-ఎన్ వంటి పెద్ద బండ్లు ఇంకను సమర్థములు. కాని వాని ధరయు, పన్నును హెచ్చు. ఎర్ర గరుసు నేలల రైతులకు వాని అవసరము అంతగా లేదు.

ప్రాణరక్షణ

ఉక్కు చట్రమున్న బండి గట్టిది కావున ప్రమాదములో కాపాడునని నమ్మువారు పలువురు. ఈ నమ్మకము పూర్తిగా సరికాదు. గట్టి చట్రము నలుగక, దెబ్బను లోపలి మనుష్యులకే చేర్చవచ్చును. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన ఢీకొట్టు పరీక్షలో బొలెరో నియోకు అయిదింట ఒక్క నక్షత్రమే లభించినది. అదే సంస్థ 2022లో పరీక్షించిన స్కార్పియో-ఎన్, తానును నిచ్చెన చట్రము గలదే యైనను, పెద్దల రక్షణలో అయిదు నక్షత్రములు పొందినది. కావున రక్షణ అనునది చట్రపు బరువు వలన గాక నిర్మాణపు తీరు వలన కలుగునని తెలియుచున్నది.

ముందు ఇద్దరికి గాలిసంచులు, జారకుండ పట్టు ఎ.బి.ఎస్. బ్రేకులు తప్పనిసరిగా ఉండవలెను. వెనుక కూర్చుండువారి బెల్టులు పనిచేయుచున్నవో లేదో చూచుకొనవలెను. గువ్వలచెరువు ఘాటు వంటి వాలు దిగునప్పుడు బ్రేకు మీదనే కాలు పెట్టక, ఎక్కుటకు వేయు గేరులోనే దిగవలెను. వాలులో గేరు తీసివేసి డీసెలు మిగిల్చితిమనుకొనుట ప్రాణములతో చెలగాటము. క్రొత్త ఇంజనులో గేరులో దిగునప్పుడు డీసెలు సరఫరా దానంతట అదే ఆగును గనుక ఆదాయును లేదు.

ఏడుగురికి చేసిన బండిలో పండ్రెండుగురు కూలీలను, పైన ఎరువు బస్తాలను ఎక్కింపరాదు. సొంత వాడుక బండిని బాడుగకు త్రిప్పినచో ప్రమాదమైనప్పుడు బీమా కంపెనీ పరిహారము నిరాకరింపవచ్చును. ఉల్లి, చీనీకాయలు మార్కెట్టుకు చేర్చుటయే ముఖ్యమైన పనియైనచో జీపుకారుకు బదులు సరకు బండియే కొనవలెను.

లెక్క వేసి చూడుడు

2025 సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. మారినది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 ఘ.సెం.మీ. లోపు ఇంజను గల డీసెల్ కార్లపై పన్ను, సెస్సుతో కలసి నూటికి 31 ఉండగా 18కి తగ్గినది. పెద్ద బండ్లపై 40 అయినది. బొలెరో చిన్న ఇంజను, కురుచ దేహము కలిగియుండుటకు కారణము ఈ పన్ను తేడాయే. ట్రాక్టర్లపై పన్ను 12 నుండి 5కు తగ్గినది. 2025 అక్టోబరులో బొలెరో అన్నిటికంటె తక్కువ రకము ధర దుకాణములో 7 లక్షల 99 వేల రూపాయలు. జీవితకాలపు పన్ను, బీమా దీనికి అదనము.

ఒక రైతు 8 లక్షల రూపాయలు నూటికి సాలీన 10 వడ్డీతో అయిదేండ్లకు అప్పు తీసికొనెననుకొందము. నెల వాయిదా సుమారు 17 వేలు. ఏడాదికి 2 లక్షల 4 వేలు. అయిదేండ్లలో వడ్డీయే 2 లక్షల 20 వేలగును. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చి, లీటరు డీసెలు 97 రూపాయలనుకొన్నచో డీసెలుకు 83 వేలు. బీమా, టైర్లు, సర్వీసు కలసి 40 వేలనుకొందము. మొత్తము 3 లక్షల 27 వేలు.

దీనిని పంటలో లెక్కించి చూడుడు. 2025–26 మార్కెట్టు కాలమునకు శనగల మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. ఆ ధరకు 58 క్వింటాళ్ళ శనగలు అమ్మినగాని ఏడాది బండి ఖర్చు తీరదు. ఎకరాకు 6 క్వింటాళ్ళు పండినను, అది సుమారు పది ఎకరముల పంట మొత్తము; విత్తనము, ఎరువు, కూలి తీసివేయకముందు లెక్క. వాన రాని ఏడు శనగ ఎండిపోవచ్చును గాని వాయిదా ఆగదు.

కావున కొనుటకు ముందు రెండు నెలలు ఒక పుస్తకములో మీ ఇంటివారు చేయు ప్రయాణములన్నియు కిలోమీటర్లతో వ్రాసి చూడుడు. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు మించనిచో అవసరమైనప్పుడు బాడుగ బండి పిలుచుకొనుటయే చౌక. వెయ్యి కిలోమీటర్లు మించి, పంట గాక పాడి, జీతము వంటి నిలకడ రాబడి ఉన్నచో కొనుట తప్పుకాదు. పై రకములకు అదనముగా ఇచ్చు లక్షన్నర రూపాయలలో ఎంత భాగము రక్షణకు, ఎంత భాగము అలంకారమునకు పోవుచున్నదో విడివిడిగా అడుగుడు. అదే డబ్బుతో ఎన్ని ఎకరములకు బిందు సేద్యపు గొట్టములు వేయవచ్చునో కూడ యోచింపుడు.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

1. బండిని దుకాణము ముందు రస్తాపై గాక, వీలైనచో మీ ఊరి దారిలో, ఇంటివారినందరిని కూర్చుండబెట్టి నడిపి చూడుడు.

2. రెండవ గేరులో నెమ్మదిగా గట్టు ఎక్కించుడు. ఇంజను వణకక ఎక్కవలెను.

3. ముసలివారు, స్త్రీలు వెనుక సీట్లకు సులభముగా ఎక్కి దిగగలరో చూడుడు.

4. జల్లెడ దీపము, నీటి దీపము ఏవో చూపించుకొని, అవి వెలిగినప్పుడు ఏమి చేయవలెనో తెలుగులో చెప్పించుకొనుడు.

5. కామన్ రెయిల్ పరికరములు బాగుచేయు అధికారపూర్వకమైన సర్వీసు కేంద్రము మీ ఊరికి ఎంత దూరమో తెలిసికొనుడు. ఊరి మెకానిక్కు ఆయిలు మార్చగలడు గాని, కంప్యూటరు పరికరము లేనిదే ఇంజెక్టరును సరిచేయలేడు.

6. పాత బండి కొనుచున్నచో పొగ జల్లెడను ఎవరైన కోసి తీసివేసిరేమో చూపించుకొనుడు. అట్టి బండి చట్టవిరుద్ధము. పొగ పరీక్షలో నెగ్గదు.

7. గ్యారంటీ షరతులను ఇంట చదువుకొన్నవారి చేత చదివించిన తరువాతనే సంతకము చేయుడు.

ఎద్దును కొనునప్పుడు మనము కొమ్ముల రంగు చూడము. పండ్లు చూతుము, గిట్టలు చూతుము, కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూతుము. బండి విషయములోను అట్లే చేయవలెను. ఇంజనును, పొగ జల్లెడను, చట్రమును, టైర్లను, సర్వీసు కేంద్రపు దూరమును మొదట చూచి, తాకుడు తెరను చివర చూచినచో రైతు మోసపోడు. అన్నిటికంటె ముందు తన రాబడిని, తాను తిరుగు దూరమును చూచుకొనవలెను.